తీయమంటే ఏం తీయాలి

అద్దంకిలో నాకు చుట్టాలెవరూ లేరు. కాలేజీలో పాఠాలు చెప్పడానికి వచ్చాను. ఆ కాలేజీ మూతపడ్డాక కూడా అద్దెకు తీసుకున్న మేడమీది రెండు గదుల్లోనే ఉండిపోయి, ఇంటి నుంచి చేసే ఉద్యోగం వెతుక్కున్నాను. మిర్చి కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీ అది. దాన్ని ఎలా వాడాలో తెలుగులో రాయడం నా పని. కోల్డ్ స్టోరేజీని మా వైపు అందరూ ఏసీ అనే అంటారు.

మొదట్లో నేను రాసింది మనుషులే చదివేవాళ్లు. మార్టూరు దగ్గర ఒక ఏసీలో సూపర్‌వైజరుగా ఉన్నావిడ, నాకంటే పెద్దది, అర్థం కానప్పుడల్లా ఆఫీసు ఫోన్ నుంచి నాకు చేసేది.

"అమ్మాయ్, నువ్వు రాసిన బటన్ ఇక్కడ కనపడట్లేదే!"

బటన్ దొరికాక కూడా వెంటనే ఫోన్ పెట్టేసేది కాదు. ఇవాళ ఏం వండావని అడిగేది. కొన్ని రోజుల్లో నాతో మరో మనిషి మాట్లాడిన మాటలు అవి మాత్రమే.

తర్వాత కంపెనీ ఏఐ ఏజెంటును పెట్టింది. రైతు ఫోన్ చేస్తే అదే విని, సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో పనికి ఉన్న టూల్స్‌లో ఏది వాడాలో అదే ఎంచుకుని పని కానిచ్చేస్తుంది. ఒక్కో టూల్ దేనికో చెప్పే వివరణే దానికి ఆధారం. ఆ వివరణలను ఇంజనీర్లు హడావిడిగా ఒక్కో ముక్కలో రాసి వదిలేశారు. వాటిని సరిచేయమని నాకు చెప్పేలోపే మార్టూరులో గొడవైంది.

ఒక రైతు ఫోన్ చేసి, బేరగాడు వస్తున్నాడు, మా కాయలు తీయించండి అన్నాడట. ఆయన అడిగింది మచ్చు, అంటే కొనేవాడికి చూపించడానికి ఒక బస్తా విప్పి తీసే గుప్పెడు కాయలు. ఏజెంటు మాత్రం ఆయన సరుకు మొత్తం విడుదల చేయమని ఆర్డరు ఇచ్చింది. కూలీలు దాని ప్రకారమే బస్తాలన్నీ బయటికి దించారు. మా మేనేజరు నన్ను వెళ్లి చూడమన్నాడు.

బస్సు దిగి లోపలికి వెళ్లేసరికి, గాలినిండా ఘాటు. రైతు అరుస్తున్నాడు.

"మచ్చు తీయమంటే మొత్తం తీస్తారంటయ్యా! చలిలోంచి ఎండలోకి తెస్తే చెమ్మ పట్టదా?"

"లోపల పెట్టిస్తన్నాం గదండీ, కాస్త నిదానించండి," అంటోంది సూపర్‌వైజరు. నేను నోరు తెరిచి ఒక్క మాట అనగానే గొంతు గుర్తుపట్టింది. "నువ్వేనా అమ్మాయ్! ఫోన్లో వింటే బాగా లావు మనిషివనుకున్నా!"

తుమ్ముల మధ్య ఇద్దరం నవ్వాం. ముందుగా దించిన కొన్ని బస్తాలకు చెమ్మ తగిలింది. వాటిని విడిగా ఆరబెట్టించారు. మిగతావి లోపలికి చేరాయి. రైతు గొణుక్కుంటూనే మచ్చు తీసుకుని వెళ్లాడు. మధ్యాహ్నం ఆవిడ తన క్యారేజీలో సగం నాకు పెట్టింది. గోంగూర పప్పు. ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకుని తిని ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు.

ఆమె బల్ల దగ్గరే కూర్చుని, సరుకు విడుదల చేసే టూల్‌కు కొత్త వివరణ రాశాను: "సరుకు మొత్తం బయటికి పోయేటప్పుడే ఈ టూల్ వాడాలి. రైతు తీయండి అని మాత్రమే అంటే వాడకూడదు. మచ్చుకా, మొత్తమా అని ముందు అడగాలి. జవాబు స్పష్టంగా లేకపోతే ఏమీ చేయకుండా ఆఫీసులో మనిషికి చెప్పాలి."

ఆవిడ పైకి చదివింది. "ఇట్టా చెబితే మా ఆయనక్కూడా అర్థమవుద్ది," అంది.

ఆ తర్వాత ఒక్కో టూల్‌నూ అలాగే తిరగరాశాను. ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో, ఏ మాటకు రెండర్థాలు వస్తాయో. పొరపాట్లు తగ్గాయని మేనేజరు మెచ్చుకున్నాడు. ఫోన్లు కూడా తగ్గాయి. సూపర్‌వైజరు తన సందేహాలన్నీ ఏజెంటునే అడగసాగింది. సరిచూడటానికి ఆ సంభాషణలు నాకే వచ్చేవి. పైన ఆవిడ ప్రశ్న, కింద దాదాపు నా వాక్యాలతోనే జవాబు. అక్కడితో అయిపోయేది. ఏం వండావని ఆవిడ దాన్ని అడగలేదు. నన్ను అడిగి కూడా చాలా కాలమైంది.

ఒక ఆదివారం ఉండబట్టలేక నేనే ఆవిడకు ఫోన్ చేశాను. నా దగ్గరున్నది ఆఫీసు నంబరొక్కటే. ఏజెంటు ఎత్తింది. "నమస్కారమండీ. ఏ పని మీద చేశారు?" అంది. ఆవిడకు ఇవ్వమని ఒక్క మాట చెబితే కలిపేదే, ఆ వివరణ కూడా నేనే రాశాను. కానీ నేను ఏ పని మీదా చేయలేదు. పెట్టేశాను.

మర్నాడు సెలవు పెట్టి మార్టూరు బస్సెక్కాను. సీజను మొదలైంది, గేటు దగ్గర లారీలు వరసకట్టి ఉన్నాయి. ఆవిడ నన్ను చూసి కంగారుపడింది.

"ఏందమ్మాయ్, మళ్లీ ఏమన్నా తప్పు జరిగిందా?"

"లేదండీ. ఊరికే వచ్చాను."

"ఊరికేనా!" అని ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. అంతలో ఎవరో కేకేశారు. కుర్చీ వేయించి, కూర్చో, ఇప్పుడే వస్తానని వెళ్లింది. ఒకసారి మజ్జిగ పంపింది. ఇంకోసారి దూరం నుంచే చెయ్యి ఊపింది. పొద్దువాలేదాకా కూర్చున్నాను, లారీల వరస తగ్గలేదు. చివరికి నేనే లేచి, వెళ్తున్నానని చెప్పాను. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని, నా ఫోన్ తీసుకుని తన సొంత నంబరు నొక్కి ఇచ్చింది.

"చెయ్యి. నేను ఎత్తకపోతే మళ్లీ చెయ్యి," అంది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. గ్రానైటు రాళ్ల లారీల వెనక అద్దంకి దాకా మెల్లగానే వచ్చాం.