సార్‌కి విజిల్ వినబడేది కాదు

మా ఫుట్‌బాల్ సార్ పోయారని ఆయన భార్య ఫోన్ చేసినప్పుడు నేను భివండీ నార్పోలిలో ఒక మరమగ్గాల షెడ్డు ముందు టెంపోలోంచి నూలు మూటలు దింపుతున్నాను. పొద్దున తొమ్మిది కూడా కాలేదు. ఆమెను మేమంతా పెద్దమ్మ అంటాం.

"బిడ్డా, మీ సార్ లేడు. రెండుసార్లు పిలిచిన. ఎన్నడు ఇన్నడు గన్క అనుకొని ఊకున్న. చాయ్ తీస్కపోయి భుజం పట్టి కదిలిస్తే గప్పుడు తెల్సింది," అంది.

మూట భుజం మీద పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. సేట్ వచ్చి తిట్టేదాకా దింపాలని తోచలేదు.

సాయంత్రానికి ఇంకో కబురు. ఆదివారం సంతాప సభకు సార్ ఆడిన పాత టీమ్ కెప్టెన్ ముంబై నుంచి వస్తున్నాడట. ఇప్పుడాయన పెద్ద కోచ్, సొంత అకాడమీ ఉంది, పేపర్లో ఫొటోలు పడతాయి. అంత మనిషి మన సభకు వస్తున్నాడని ఇక్కడి మా తెలుగు సంఘం పెద్దలు సంబరపడ్డారు. నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో మీకు తెలియాలి.

సార్ తొమ్మిదేళ్ళప్పుడు సిరిసిల్ల వైపు నుంచి వాళ్ళ నాన్న వెంట ముంబై పక్కనున్న ఈ భివండీ వచ్చారు. గైబీ నగర్‌లో మరమగ్గాల మధ్య, మా మాటలో సాంచాల మధ్య, కండెలు చుడుతూ పెరిగారు. ఆ మోతలో ఏళ్ళు గడిపిన చెవికి సన్నటి చప్పుళ్ళు అందవు. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి మాట పట్టుకోవచ్చు. దూరం నుంచి వచ్చే విజిల్ మాత్రం వినబడదు.

"చెవులు పోయినయ్ అని షెడ్డుల ఎవడన్న అనుకుంటడారా? అందరికి గట్లనే ఉంటే అది రోగమెట్లయితది?" అనేవారు సార్.

వరాలా తలావ్ చెరువు దగ్గర ఉత్త కాళ్ళతో ఆడుతున్న ఆయన్ని చూసి ముంబైలో ఒక క్లబ్బు జీతానికి తీసుకుంది. ఆరు సీజన్లు ఫార్వర్డ్‌గా ఆడారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆగితే తానూ ఆగేవారు. అసలు సంగతి కెప్టెన్ ఒక్కడికే తెలుసు. ఇద్దరిదీ ఒకే గది. విజిల్ పడగానే కెప్టెన్ ఆయనకు కనబడేలా రెండు చేతులూ ఎత్తేవాడు. తెలిస్తే ఉద్యోగం పోతుందని సార్ ఇంకెవరికీ చెప్పలేదు. అది ఆయన తప్పే. ఆయన కూడా కాదనలేదు.

ఒక పెద్ద మ్యాచ్‌లో బంతి సార్ ముందు పడింది. ఆఫ్‌సైడ్ విజిల్ మోగింది. అందరూ ఆయన వెనకాలే ఆగిపోయారు, ఎత్తిన చేతులు కూడా వెనకే ఉన్నాయి. గోల్‌కీపర్ ఆట ఆగిందనుకుని బంతి తీసుకోవడానికి తాపీగా వంగాడు. సార్ తన్నారు. ఆ కుర్రాడి దవడ విరిగింది.

విచారణలో కెప్టెన్‌ని అడిగారు, ఇతనికి వినబడదా అని. "బాగానే వినబడుతుంది. కోపం ఎక్కువ," అన్నాడు. నిజం చెబితే, తెలిసీ ఎందుకు దాచావని తనను అడుగుతారు. అంతే. విజిల్ తర్వాత కూడా తన్నిన గూండా అని సార్‌కు పేరు పడింది, క్లబ్బు తీసేసింది. సార్ ఆ గోల్‌కీపర్ ఇంటికి పోయి కాళ్ళు పట్టుకుని ఉన్నది చెప్పారు. అతను నమ్మాడు. మిగతావాళ్ళకు వినే తీరిక లేదు.

భివండీ తిరిగొచ్చాక పగలు సాంచా, సాయంత్రం మైదానం. మాకు విజిల్ లేదు. షెడ్డులో మిగిలిన ఎర్ర గుడ్డ ముక్క తెచ్చి ఊపేవారు. నేను చేరిన మొదటి వారం చెవుల్లో దూది కుక్కి ఆడించారు. నేను బంతి కోసం గొంతు చించుకుంటుంటే దగ్గరికొచ్చి నా గడ్డం పట్టుకున్నారు.

"బడి నిన్ను ఎల్లగొట్టిందో, నువ్వే బడిని ఎల్లగొట్టినవో నాకెర్కలేదు. ఈడ మాత్రం నోరు మూసి మెడ తిప్పు. డిఫెండర్ ఎటు పోతడో వాని భుజం ముందుగాల్నే చెప్తది."

మిగతా ఏ టీమ్ చేతిలో ఓడినా మజ్జిగ తాగించి ఇంటికి పంపేవారు. కెప్టెన్ అకాడమీ చేతిలో ఓడినప్పుడు మూడు రోజులు మాతో మాట్లాడలేదు. మరుసటి ఏడు గెలిచాం. వాళ్ళ బస్సు పక్కకు పోయి నిలబడి, కిటికీలోంచి కెప్టెన్ చూస్తున్నాడని ఖాయం చేసుకుని, మా అందరి నోట్లో ఒక్కొక్క జిలేబీ పెట్టారు. అంత తీపి జిలేబీ నేను మళ్ళీ తినలేదు.

ఆ రోజే అడిగాను. "సార్, గా కెప్టెన్‌ను మాఫ్ చేసిన్రా?"

"ఎందుకు జేస్త? వాడు అడిగిండా?"

"అడిగితే?"

"అడిగినా నాకు ఇనబడదు గదరా!" అని కడుపు పట్టుకుని నవ్వారు.

శనివారం పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి నా ఆలోచన చెప్పాను. కెప్టెన్ మైకు పట్టుకోగానే చెప్పు విసురుతాను. అది సరిగ్గా ముఖం మీద పడేలా విసరగలను కూడా.

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది: "కొడ్తే ఏమంటరు? గూండా సార్ గూండాలనే తయారు జేసిండంటరు. వాడు చెప్పిన అబద్ధాన్ని నువ్వే నిజం జేస్తవా? ఇంకేదన్న జెయ్. కానీ వాన్ని ఊకెనే మాత్రం పోనియ్యకు."

ఆదివారం సభ మా మైదానంలోనే. ముందు నాలుగు వరసల్లో సార్‌తో ఏళ్ళ తరబడి సాంచాలు నడిపిన ముసలివాళ్ళు. వెనక ఆడవాళ్ళు, పిల్లలు, మా టీమ్. నేను ఒక రిఫరీ దగ్గర విజిల్ అడిగి తెచ్చుకుని దూరంగా అవతలి గోల్ దగ్గర నిలబడ్డాను.

కెప్టెన్ సార్ ఫొటోకు దండ వేశాడు. దండం పెట్టి మైకు అందుకున్నాడు. "ఐసా ఫార్వర్డ్ ఫిర్ నహీ దేఖా. బస్, గుస్సా జ్యాదా థా..." అలాంటి ఫార్వర్డ్‌ని మళ్ళీ చూడలేదట, కాకపోతే కోపం ఎక్కువట. చనిపోయాక కూడా అదే మాట.

ఊదాను, ఊపిరి ఉన్నంత వరకు.

కెప్టెన్ మాట మధ్యలో ఆపి తలెత్తాడు. ఆడవాళ్ళు తిరిగి చూశారు, పిల్లలు చూశారు, మా టీమ్ చూసింది. ముందు వరసల్లో ఇద్దరో ముగ్గురో తిరిగారు. మిగతా తలలు కెప్టెన్ వైపే ఉన్నాయి. మళ్ళీ ఊదాను. వాటిలో ఒక్క తల కదల్లేదు. కెప్టెన్ ఆ తలలను ఒక్కొక్కటిగా చూడటం మొదలుపెట్టాడు.

ఫొటో పక్కన కూర్చున్న పెద్దమ్మ లేవకుండానే అంది: "ఐసాచ్ సునాయీ నహీ దియా, సాబ్. తుమ్‌కో మాలూమ్ థా." ఇలాగే వినబడలేదు, నీకు తెలుసు అని.

కెప్టెన్ ముఖం చూసి నాకు ఎంత హాయిగా అనిపించిందో దాచుకోను. నోరు తెరిచాడు, మూశాడు. అందరి ముందూ అబద్ధం మళ్ళీ చెప్పలేడు, నిజం చెప్పే ధైర్యమూ లేదు.

మొదటి వరసలో ఒక ముసలాయన, సార్ పక్క సాంచా మీద పనిచేసినవాడు, మాట తనకే అందట్లేదనుకున్నాడు. కుర్చీ అంచుకు జరిగి, చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని, ఎంతో మర్యాదగా అడిగాడు: "సాబ్, జరంత గట్టిగ చెప్పున్రి. మావోని గురించే గద, ఇనాలె."

కెప్టెన్ మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ముసలాయన చెయ్యి చెవి దగ్గరే ఉంది.