మనోళ్లే అని రాసిన అక్క

మా ఆఫీసు గేటు దగ్గర ఆడవాళ్లను తనిఖీ చేసే అక్క మొన్న మంగళవారం గుండెపోటుతో పోయింది. హైదరాబాద్ రాయదుర్గంలో ఇన్ని వేలమంది పనిచేస్తారు, వాళ్లలో ఒక సెక్యూరిటీ ఆమె పోతే ఏమిటని మీరనుకోవచ్చు. నాకు మాత్రం రోజు మొదలయ్యేదే ఆమెతో.

నేను ఆడపిల్లగానే పెరిగాను. పదహారేళ్లొచ్చినా పెద్దమనిషిని కాలేదు, పైగా గొంతు బొంగురుపోయి మీసం మొలిచింది. పరీక్షలన్నీ చేశాక డాక్టరమ్మ, "కొందరు ఇలాగే పుడతారు, ఇది జబ్బు కాదు" అని తేల్చేసింది. ఆవిడ తేల్చినా గేటు దగ్గర తేలలేదు. ఆడవాళ్ల వరుసలో నిలబడితే "సార్, అటు" అనేవారు. మగవాళ్ల వరుసలోకి వెళ్తే "మేడమ్, ఇటు" అనేవారు. ఈ తిరుగుడులో డబ్బాలో ఇడ్లీలు చల్లారిపోయేవి, నాకు ఉద్యోగం మానేయాలనిపించేది.

అక్క డ్యూటీకి వచ్చిన మొదటి రోజే ఆడవాళ్ల తనిఖీ గది తెర పక్కకు లాగి అడిగింది: "నిన్ను ఎవరు చెక్ చేస్తె నీకు మంచిగుంటదో చెప్పు."

"మీరే" అన్నాను.

"మరి రా. గింత దానికి పరేషాన్ ఎందుకు?"

ఆమె చేతిలో మిషన్ నా జేబు దగ్గర కీమంది. "ఆడో మగో దీనికి తెల్వదు బిడ్డా. తాళంచెవి ఉంటె మాత్రం మొత్తుకుంటది." అప్పటినుంచి రోజూ "తాళంచెవులు తీసినవా?" అని అడిగేది. నేను రోజూ మర్చిపోయేదాన్ని.

ఐడీ కార్డు కూడా మర్చిపోయేదాన్ని. కార్డు తేనివాళ్ల పేరు రిజిస్టర్‌లో రాసి, పక్క గడిలో ఆడో మగో రాయాలి. అక్క నా పేరు పక్కన "మనోళ్లే" అని రాసింది. సూపర్‌వైజర్ చూసి మండిపడ్డాడు.

"ఆడనా, మగనా రాయమంటె ఇదేంది?"

"గదంతా మీకెందుకు సార్? సంబంధం జూస్తున్నరా?"

వరుసంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఆ గేటు దగ్గర అదే మొదటిసారి.

అక్క పోయిన మర్నాడు మూసాపేటలో వాళ్ల కిరాయి ఇంటి ముందు పాడె లేచింది. "ఆడోళ్లు ఈడ్నే ఆగుండ్రి, మగోళ్లు నడువుండ్రి" అన్నాడు ఒక పెద్దాయన. నేను ఎప్పటిలాగే మధ్యలో నిలబడిపోయాను. అక్కను చివరిదాకా సాగనంపాలని ఉంది. పెద్దాయన నన్ను కిందికీ మీదికీ చూసి, కుండ పట్టుకున్న అక్క భర్తను అడిగాడు.

"గీ మనిషి ఎటు?"

"మనోళ్లే. మా ఇంటామె రోజూ చెప్తుండె" అని ఆయన నావైపు తిరిగాడు. "వస్తవా బిడ్డా?"

"వస్తా" అన్నాను. ఏడుపు ఆగలేదు.

తాళంచెవులు ఆ రోజు కూడా తీయలేదు. శ్మశానం దాకా అడుగడుగునా జేబులో గలగలమంటూనే ఉన్నాయి.