రెండో ఆదివారం

1983 నాటికి నేను జహీరాబాద్‌లో వకీలుగా బోర్డు పెట్టి ఆరేళ్లయింది. బొంబాయి రోడ్డు మీద, బస్టాండుకు దగ్గరలో ఒక అద్దె గది నా ఆఫీసు. వచ్చేవి ఎక్కువగా గట్టు తగాదాలు, లారీ ప్రమాదాల కేసులు. విడాకుల కేసులు ఏడాదికి ఒకటో రెండో. వాటిలో ఒకటి ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు పూర్తిగా తేలలేదు.

శకుంతలది మొగుడంపల్లి. ఆమె భర్త విఠల్‌ది చిరాగ్‌పల్లి. హైదరాబాద్‌కూ బొంబాయికీ మధ్య లారీ నడిపేవాడు. వారాల తరబడి ఇంటికి రాడు, వస్తే గొడవ. చివరికి ఆమె ఏడేళ్ల కూతురు సునందను తీసుకుని మొగుడంపల్లిలో అన్న ఇంటికి వచ్చేసింది. రచ్చ లేకుండా విడిపోదామని ఇద్దరూ ఒప్పుకున్నారు. నేను శకుంతల తరఫు వకీలును.

ఇలాంటి కేసుల్లో కాంప్రమైజ్ మెమో అని ఒకటి రాస్తాం. అది ఇద్దరూ ఒప్పుకున్న షరతుల కాగితం. జడ్జి ఆమోదిస్తే కోర్టు ఉత్తర్వుతో సమానం. పిల్ల తల్లి దగ్గర పెరగడం కస్టడీ, తండ్రి వచ్చి కొంతసేపు తీసుకెళ్లడం విజిటేషన్. ఆ విజిటేషన్ షరతును ఇంగ్లీషులో నేనే రాశాను: 'ఎవ్రీ సెకండ్ సండే', ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా. రెండు ఊళ్ల నుంచీ జహీరాబాద్‌కు బస్సులున్నాయి కాబట్టి పిల్లను అప్పగించడం, తిరిగి తేవడం నా ఆఫీసులోనే అని పెట్టాం. తెలుగులో 'రెండో ఆదివారం' అని ఇద్దరికీ చదివి వినిపించాను. తలూపి సంతకాలు చేశారు.

ఉత్తర్వు వచ్చాక మొదటిసారి కలిసింది ఆ నెలలో రెండో ఆదివారం నాడే. అంతా సజావుగా జరిగింది. సునంద తండ్రి చెయ్యి పట్టుకుని వెళ్లింది, అయిదుకు ముందే తిరిగి వచ్చింది.

రెండు వారాలు గడిచాక, ఆదివారం ఉదయం విఠల్ మళ్లీ వచ్చాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, షోలాపూర్‌లో కొన్న గౌను కాగితంలో చుట్టి పట్టుకుని కూర్చున్నాడు. తొమ్మిదయింది, పదకొండయింది.

"ఇంకా రాకపాయె, ఏమైంది వకీల్‌సాబ్?"

"బస్సు లేటయినట్టుంది" అన్నాను.

తర్వాత నన్ను తికమక పెట్టింది ఇదే. ఆ రోజు అతనిది కాదేమో అన్న అనుమానమే నాకు రాలేదు. మధ్యాహ్నం దాకా చూసి అతను మొగుడంపల్లి బస్సెక్కాడు.

మర్నాడు శకుంతల వచ్చింది. "ఇంటి మీదికొచ్చిండు సార్. మా అన్న, ఆయన కాలర్లు వట్టుకున్నరు. గా ఆదివారం ఆయనది గాదు గద!"

"కాదా?"

"రెండో ఆదివారమంటిరి. నెలల రెండోది. నిన్నటిది నాలుగోది గద?"

అదీ నాకు సరిగ్గానే అనిపించింది. ఫైలు తీసి చూశాను. నేను రాసిన ఆ ఇంగ్లీషు మాటను నెలలో రెండో ఆదివారం అని చదవవచ్చు. ఒక ఆదివారం విడిచి ఒక ఆదివారం అనీ చదవవచ్చు. రాసేటప్పుడు నా మనసులో ఉన్నది ఏది? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. విఠల్ తరఫు వకీలును అడిగితే, "మీరు రాశారు, నేను సంతకం పెట్టాను" అని నవ్వాడు. విఠల్‌ను పిలిపించి అడిగాను.

"నెలకొక్కసారంటే నేను ఒప్పుకుందునా సాబ్? ఒక వారం ఇడిసి ఒక వారమనే సమజైంది నాకు."

ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. క్లారిఫికేషన్ పిటిషన్ వేయవచ్చు. అంటే ఉత్తర్వులో తేలని మాటను తేల్చమని కోర్టును అడగడం. కానీ అందులో ఏ అర్థం సరైనదని వాదించాలి? నా క్లయింటుకు లాభించేది నెలకు ఒకసారి అన్న అర్థం. శకుంతల సూటిగానే అడిగింది: "మీరు నా వకీలు గద సార్? నా దిక్కు చెప్పరాదుండ్రి?" ఆమె అడిగిందాంట్లో తప్పు లేదు. "చూద్దాం" అని పంపేశాను. ఏం చూస్తానో నాకే తెలియదు.

తర్వాతి నెల రెండో ఆదివారం ఇద్దరి లెక్కకూ సరిపోయింది. ముగ్గురూ వచ్చారు. విఠల్ చెయ్యి చాపాడు. సునంద కదలలేదు. "పో బిడ్డా" అంది తల్లి. అప్పుడూ కదలలేదు. నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, నేను తప్పు లెక్కవెట్టిన్నా?"

"ఏ లెక్క బిడ్డా?"

"నాయిన రెండో ఆదివారం వస్తడని అమ్మ చెప్పింది. ఒకటి పోయింది. రెండోనాడు తల దువ్వుకొని కూసున్న. అమ్మ ఇయ్యాల గాదన్నది. మల్ల నాయిన రానే వచ్చిండు. మామ కొట్టవట్టె. నేను లెక్క తప్పినందుకేనా?"



"నువ్వు తప్పలేదు బిడ్డా. రాసుట్ల నేనే తప్పిన" అన్నాను. అవతలి పక్షం ఎదురుగా కూర్చుని ఉండగా వకీలు అనకూడని మాట అది. తెగించి అన్నానో, ఆ పిల్ల మొహం చూడలేక అన్నానో చెప్పలేను. అన్నాక శకుంతలతో, "నీ అర్థమొక్కటే నిజమని నేను వాదించలేనమ్మా. వేరే వకీలు కావాలంటే ఫైలు ఇచ్చేస్త" అన్నాను.

ఆమె మొహం ఎర్రబడింది. "గట్లయితే నేనెవరికి చెప్పుకోవాలె?" అంది. కొంగుతో కళ్లు తుడుచుకున్నాక అసలు సంగతి బయటికి వచ్చింది. "ఒకసారా రెండుసార్లా అని గాదు సార్. పోరిని లారీ ఎక్కించుకొని బొంబాయి దిక్కు పోతే నేనేడ దేవులాడాలె? ఆయన పోతే ఎన్ని దినాలకు వస్తడో నాకెన్నడన్న ఎర్కనా?"

విఠల్ నేల చూస్తూ అన్నాడు: "లారీ తీస్కరాను. బస్సులనే తోల్కపోత, చిరాగ్‌పల్లి దాటియ్య. గీ మాట ముందే అడగరాదా?"

"అడిగేటందుకు నువ్వు ఇంట్ల ఉంటివా?"

అతను నా వైపు తిరిగి, "లారీ వద్దని కాగితంల రాయుండ్రి సాబ్" అన్నాడు. దాంతో నెలకు రెండుసార్లకు శకుంతల ఒప్పుకుంది.

ఆ రోజే కొత్త మెమో రాశాం. మొదటి ఆదివారం, మూడో ఆదివారం. లారీ వద్దు. రాలేకపోతే ముందే కార్డు ముక్క రాయాలి. ఏడాదికి సరిపడా తేదీలన్నీ వరుసగా వేశాను. "అయిదు ఆదివారాలొస్తే?" అని సునంద అడిగింది. దాని మీద ఇంకో అరగంట వాదన నడిచి, అయిదోది తల్లిదే అని తేలింది. ఈసారి నేను చదివి ఊరుకోలేదు. ఏమర్థమైందో ఎవరి మాటల్లో వాళ్లను తిరిగి చెప్పమన్నాను. విఠల్ రెండుసార్లు తప్పాడు, మూడోసారి సరిగ్గా చెప్పాడు. తర్వాత కోర్టు ఆ మెమోను ఆమోదించింది.

అంతా చక్కబడిందని చెప్పలేను. విఠల్ చాలాసార్లు వచ్చాడు, కొన్నిసార్లు రాలేదు. రానని రాసిన కార్డు ఆదివారం దాటాక అందేది. అలాంటి ఒక రోజు, నా ఆఫీసు మెట్ల మీద పిల్లను ఓదారుస్తూ శకుంతల, "చూసిన్రా సార్, నెలకొక్కటే అయితే ఒక్కసారే ఏడుస్తుండె" అంది. ఆమె దిక్కు నిలబడి ఉంటే బాగుండేదా అని ఆ రోజు అనుకున్నాను, తర్వాత కూడా చాలాసార్లు అనుకున్నాను. సునంద పెద్ద బడికి వచ్చాక మాత్రం ఎవరూ అప్పగించనక్కర లేకుండా తనే చిరాగ్‌పల్లి బస్సెక్కి వెళ్లేది. తల్లి కూడా ఆపలేదు.

ఈ కేసు నాకు నేర్పింది చిన్న సంగతే. సంతకం పెట్టేవాళ్లు తలూపారంటే అర్థమైందని కాదు. తిరిగి వాళ్ల నోటితో వినాలి. కొన్నేళ్లకు శకుంతల తన పిన్ని కూతురిని ఇలాంటి కేసుతోనే నా దగ్గరికి తీసుకొచ్చింది. నేను కాగితం తీస్తుంటే ఆ అమ్మాయితో ఇలా అంది:

"సార్ మన దిక్కే చెప్తడని అనుకోకు. గని రాసింది మల్ల నీ నోటితోని చెప్పిస్తడు. సమజ్ కాకుంటే సంతకం పెట్టకు."