మస్కట్‌కు స్వెట్టర్

మా చిన్నమ్మ అమృతకు ఊలు పిచ్చి. ఈ మాట నేనన్నది కాదు, సిరిసిల్లలో మా వాడకట్టంతా అన్నది. మాది నేతపని ఇల్లు. ముందు గదిలో సాంచలు, అంటే పవర్‌లూములు, పొద్దున మొదలుపెడితే కరెంటు పోయేదాకా దడదడలాడుతూనే ఉండేవి. ఇంట్లో ఎక్కడ చెయ్యి పెట్టినా నూలే తగిలేది, అన్నంలో కూడా పోగు వచ్చేది. అలాంటి ఇంటికి కోడలిగా వచ్చిన మనిషి, ఉన్న దారం చాలనట్టు, మధ్యాహ్నం నూలును కండెలకు చుట్టడం అయిపోగానే రెండు సూదులు పట్టుకుని కూర్చుంటే ఎవరికైనా వింతగానే ఉంటుంది. కాని వింతకూ వెక్కిరింతకూ మధ్య ఒక హద్దు ఉండాలి కదా. మా వాళ్లకు అది లేదు.

ఆ పని ఆమె పెళ్లికి ముందు కోరుట్లలో, వాళ్ల పుట్టింట్లో అద్దెకున్న బ్యాంకు ఆఫీసరు భార్య దగ్గర నేర్చుకుంది. ఆవిడకు అది ఉత్తరాదిన ఉన్నప్పుడు అబ్బిన అలవాటు. అల్లికలో నీకు అంత నచ్చిందేమిటని నేనొకసారి అడిగితే చిన్నమ్మ చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. బట్ట నేసేటప్పుడు తప్పు పోతే అది బట్టలోనే ఉండిపోతుంది. అల్లికలో అయితే కొస పట్టుకుని లాగితే చాలు, తప్పంతా విడిపోయి మళ్లీ దారమవుతుంది. "గంతకంటె మంచి పని ఇంకేమున్నది బిడ్డా" అనేది.

పని మంచిదే, ఊరే మంచిది కాదు. మా వైపు చలి అంటే కార్తీకం చివర మొదలై సంక్రాంతి దాటగానే ముగిసేది. మిగతా ఏడాదంతా ఎండే. అయినా ఆమె అల్లింది, అల్లినదంతా పంచింది. పెళ్లికి స్వెట్టర్, పురుడుకు టోపీ, గృహప్రవేశానికి మఫ్లర్. తీసుకునేటప్పుడు అందరూ "అబ్బ, ఎంత మంచిగున్నది" అనేవాళ్లు. తరువాత ఆ వస్తువు మళ్లీ వెలుతురు చూసేది కాదు. ఎల్లంతకుంటలో ఉండే ఆడబిడ్డ సాయమ్మకు ఎర్ర స్వెట్టర్ అల్లి ఇస్తే ఆమె దాన్ని బీరువాలో డాంబరు గోళీల మధ్య పెట్టి తాళం వేసింది. మా అమ్మకు ఇచ్చిన నీలం శాలువా కుట్టుమిషను మీద కప్పుగా మారింది. చిన్నాయన జనార్దన్ సంగతైతే చెప్పనే అక్కర్లేదు. పెళ్లయిన కొత్తలో భార్య అల్లి ఇచ్చిన పసుపు స్వెట్టర్‌ను "సాంచల కాడ ఉడుకపోస్తది" అని ఒక్కరోజు కూడా తొడుక్కోలేదు. చిన్నమ్మ మూతి ముడుచుకునేది. నాకైతే ఒళ్లు మండేది. వద్దనుకుంటే వద్దని చెప్పవచ్చు కదా, తీసుకుని బొంద పెట్టడమెందుకు?

అలాంటి సమయంలో, ఎనభైల చివర ఒక చలికాలం ముందు, కోరుట్ల నుంచి కబురు వచ్చింది. చిన్నమ్మ తమ్ముడు జలపతి మస్కట్‌లో పనిచేస్తున్నాడు. ఉత్తరాలు రాసే ఓపిక లేక మాటలు క్యాసెట్లో నింపి పంపేవాడు. వాడితో ఒకే షెడ్డులో ఉండే లక్ష్మీరాజం సెలవు మీద కోరుట్లకు వస్తూ కొత్త క్యాసెట్టు తెచ్చాడు. చిన్నమ్మ పుట్టింటికి వెళ్లి టేప్‌రికార్డర్ ముందు కూర్చుని వింది.

"అక్కా, గీడ పగలంత మాడి సస్తున్నం. రాత్రయిందంటె ఎడారి గాలి కోసేస్తది. షెడ్ల పండుకుంటె పండ్లు కొట్టుకుంటున్నయి. నువ్వు అల్లుతవు గద, నాకొక స్వెట్టర్ పంపు. లావుగ ఉండాలె, చేతులు నిండుగ ఉండాలె. లక్ష్మీరాజంతోని పంపు."

అన్నేళ్లలో ఆమెను స్వెట్టర్ కావాలని నోరు తెరిచి అడిగిన మొదటి మనిషి జలపతి. ఆ ముక్కను వెనక్కి తిప్పి తిప్పి వింటుంటే టేపు తెగుతుందని వాళ్లమ్మ అరిచిందట.

తిరిగి వస్తూ జగిత్యాలలో దిగి ఊలు కొంది. ఆ దుకాణానికి ఊలు ఏడాదికి ఒక్కసారే వచ్చేది. మగవాడి స్వెట్టర్‌కు సరిపోయేంత ఒకే రంగులో దొరికింది ముదురు ఆకుపచ్చ ఒక్కటే. లావుగా, మెత్తగా ఉంది. సంచిలో వేసుకుని వచ్చేసింది. దారాన్ని చూసింది కాని రంగును చూడలేదు. అవి ఏ రోజులో తెలుసు కదా. అడవిలో తిరిగే అన్నలు, అంటే నక్సలైట్లు, తొడుక్కునే రంగు అదే. ఆ రంగు చొక్కా ఇంట్లో ఉన్నా జనం పాత గుడ్డల కింద చింపి పారేస్తున్న కాలం.

వెనక, ముందు అల్లడం అయ్యాక చేతుల కొలత కోసం మళ్లీ కోరుట్లకు పోయింది. లక్ష్మీరాజానిదీ జలపతిదీ ఒకే ఒడ్డూ పొడుగూ. కొలత చూసుకుని తిరిగి వస్తుంటే జగిత్యాల దాటాక పోలీసులు బస్సు ఆపారు. అందరి సంచులూ తీశారు. ఈమె సంచిలోంచి ఆకుపచ్చ స్వెట్టర్, దానికి గుచ్చి ఉన్న పొడుగాటి ఇనుప సూదులు బయటపడ్డాయి.

"ఎవరికమ్మా గిది?" అన్నాడు ఒకతను.

"మా తమ్మునికి."

"తమ్ముడు ఏడుంటడు?"

"మస్కట్ల."

"మస్కట్ల స్వెట్టరా?" అని అతను పక్కవాళ్ల వంక చూసి నవ్వాడు. "గాడ నిప్పులు గురుస్తయని మాకు తెల్వదా? ఏ అడివిల ఉన్నడో మంచిగ చెప్పు."

ఎంత చెప్పినా వినలేదు. నిజం చెబితే అబద్ధంలా వినిపించే పరిస్థితి ఎంత కడుపుమంటో ఆమెకు ఆ రోజు తెలిసింది. కబురు అందుకున్న చిన్నాయన ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చి, తన మామ ఇంటి గల్ఫ్ సంగతంతా ఏకరువు పెట్టేదాకా ఆమెను స్టేషన్‌లో బెంచీ మీద కూర్చోబెట్టారు. చివరికి స్వెట్టర్ ఆమె మొహాన పడేసి పొమ్మన్నారు.

ఇంటికి వచ్చాక అసలు గొడవ మొదలైంది.

"దాన్ని పొయ్యిల వెయ్యి" అన్నాడు చిన్నాయన. "పోలీసోళ్లు మల్ల వస్తే నేనేం చెప్పాలె? నిన్ను ఎందుకు ఇడిశిపెట్టిన్రని రేపు అన్నలడిగితె ఏం చెప్పాలె?"

"వాడు అడిగిండు. నేను అల్లుత" అంది చిన్నమ్మ. అంతకంటే ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. తలుపు వేసుకుని గదిలో కూర్చుని రెండు చేతులూ పూర్తి చేసింది. లక్ష్మీరాజం కొండగట్టు మొక్కు తీర్చుకుని బయలుదేరే వారం దగ్గరపడింది.

ఇక్కడే మావాళ్ల తెలివి బయటపడింది. చిన్నాయన, మా బాపమ్మ ఇంద్రమ్మ గుసగుసలాడుకున్నారు. బాపమ్మ చేమగ్గాల కాలం మనిషి. పెళ్లయిన నాటి నుంచి నూలుకు రంగులు అద్దింది. రంగే కదా భయం, రంగు మారిస్తే పోదా? నల్లగా అద్దిస్తే పోలీసుకూ అనుమానం ఉండదు, కోడలికీ బాధ ఉండదు. కోడలికి చెబితే ఒప్పుకోదని చెప్పలేదు. ఆమె సరుకులకు బయటికి వెళ్లినప్పుడు చిన్నాయన స్వెట్టర్ పట్టుకుపోయి, తెలిసిన అద్దకం షెడ్డులో నూలు చిలపల కట్టలతో పాటు మరుగుతున్న తొట్టిలో వేయించాడు. సోడా వేశారు, కర్రతో కలియబెట్టారు. నూలును ఎంత ఉడికిస్తే రంగు అంత గట్టిగా పడుతుందని ఆ షెడ్డులో అందరికీ తెలుసు. వాళ్లు ఇంకాస్త ఉడికించారు.

ఊలు నూలు కాదు. అది గొర్రె వెంట్రుక. మరిగే నీళ్లలో వేసి కలియబెడితే ముడుచుకుని ముద్దవుతుంది. జలపతి కోసం అల్లిన లావుపాటి స్వెట్టర్ తొట్టిలోంచి బయటికి వచ్చేసరికి నడక నేర్చిన పిల్లవాడికి సరిపోయేంత అయింది. గొంగడిలా దట్టంగా, అట్టలా బిర్రుగా ఉంది. రంగు మాత్రం బ్రహ్మాండంగా పట్టింది.

చిన్నమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. తరువాత అంచు దగ్గర కొస వెతికింది. కొస దొరకలేదు. కత్తెరతో కొంచెం కోసి లాగింది. పోగు పోగును కరుచుకుని ఉంది, విడిరాలేదు. అప్పుడు ఏడ్చింది. తప్పు పోతే విప్పుకోవచ్చన్న ధైర్యం మీదనే కదా ఆమె ఇన్నేళ్లు అల్లింది.

"దారమే గదనే, గిట్లయితదని నాకేమెరుక" అంది బాపమ్మ, గొంతు తగ్గించి.

"నన్నొక్క మాట అడుగుతె మీ నోరు పడిపోతదా అత్తా? తమ్ముడు నన్ను అడిగిండు. ఎవ్వలు అడగంది, వాడొక్కడు అడిగిండు!"

చిన్నాయన సాంచల గదిలోకి జారుకున్నాడు. ఆ పూట ఆయన మగ్గం దగ్గర చూపిన శ్రద్ధ అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

జగిత్యాల దుకాణంలో ఆ ఏటి సరుకు అయిపోయింది. ఆ దారిన ఆమెను మళ్లీ బస్సెక్కనిచ్చే ధైర్యం కూడా ఇంట్లో ఎవరికీ లేదు. మర్నాడు చిన్నమ్మ కొంగు బిగించింది. ముందుగా చిన్నాయన పెట్టె తెరిచి పసుపు స్వెట్టర్ తీసింది. మా అమ్మ కుట్టుమిషను మీది శాలువా లాగేసింది. ఎల్లంతకుంట పోయి ఆడబిడ్డ ముందు నిలబడి, నీకిచ్చిన స్వెట్టర్ నాకు మళ్లీ కావాలని అడిగింది. ఇచ్చింది తిరిగి అడగడం మావాళ్లలో పెద్ద తప్పు. ఆమె తిట్లకు సిద్ధపడే వెళ్లింది.

సాయమ్మ తిట్టలేదు. "గంతేనా వదినా, తీస్కపో. బీరువల జాగ సుత అయితలేదు" అని గోళీల వాసనతో సహా చేతిలో పెట్టి, చాయ్ తాగిపొమ్మంది.

అందరూ అంతే. ఒక్కరు కూడా కాదనలేదు, బెట్టు చేయలేదు, కొందరి ముఖాల్లో బరువు దిగిన కళ కూడా కనిపించింది. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండకపోయేదని చిన్నమ్మ తరువాత నాతో అంది.

వాటిని విప్పి, కడిగి, ఆరబెట్టింది. బాపమ్మ ఎవరూ చెప్పకుండానే రాట్నం ముందు కూర్చుని ఆ మెలికల ఊలును ఉండలుగా చుట్టింది. ఎరుపు, నీలం, పసుపు పట్టీలతో వెనకా ముందూ తయారయ్యాయి. ఏ పోలీసూ ఏ అన్నా అనుమానించలేని రంగులు. చేతులకు ఊలు చాలలేదు. ఇంకా మిగిలిన ఇల్లు ఒక్కటే, తంగళ్ళపల్లిలో శంకరవ్వది. ఒకప్పుడు మా ఇంట్లో కండెలు చుట్టిన ముసలామె, ఇప్పుడు ఒంటరిగా బీడీలు చుట్టుకుంటోంది. ఆమెకు నిండు చేతుల గోధుమరంగు స్వెట్టర్ ఇచ్చి చాలాకాలమైంది. చినుగు పట్టని ఊలు దొరుకుతుందన్న ఆశతో, అల్లుతున్న పనిని సంచిలో వేసుకునే చిన్నమ్మ అక్కడికి నడిచింది.

శంకరవ్వ వాకిట్లో బీడీల చాట ఒళ్లో పెట్టుకుని ఎండలో కూర్చుని ఉంది. చీర మీద ఆ స్వెట్టరే ఉంది. తంబాకు మరకలతో దాని అసలు రంగు ఏమిటో చెప్పడం కష్టం. మోచేతుల దగ్గర పెద్ద బొక్కలు. ఒకదాన్ని బీడీ కట్టలు కట్టే దారంతో ఎలాగో కుట్టుకుంది.

చిన్నమ్మ సంగతంతా చెప్పి, స్వెట్టర్ అడిగింది.

ముసలామె చాట కింద పెట్టింది. "ఇచ్చిందాన్ని మల్ల అడుగుతానికి నీకు సిగ్గు లేదానే? నీ తమ్మునికి నా ఒంటి మీదిది గావాల్నా? గిది లేకుంటె నాకు తెల్లారగట్ల పానం పోతది. సలికాలం పోయినా ఇడువ నేను. లే, పో!" అని లేచి, ఎక్కడ లాక్కుంటుందోనని రెండు చేతులతో స్వెట్టర్‌ను ఒంటికి బిగించి పట్టుకుంది. కాసేపు రొప్పి, చిన్నమ్మ కదలకపోవడం చూసి, మోచెయ్యి ముందుకు చాపింది. "ఊకె నిలబడ్డవేంది? వచ్చినదానివి గీ బొక్కన్న కుట్టిపో."

చిన్నమ్మ వాకిట్లోనే కూర్చుంది. సంచిలో మిగిలి ఉన్న కాస్త ఎర్ర ఊలు తీసి, స్వెట్టర్ ముసలామె ఒంటి మీద ఉండగానే రెండు మోచేతులూ అల్లి పూడ్చింది. తిట్లు మధ్యలో ఆగలేదు. ఊలు మాత్రం అయిపోయింది.

లక్ష్మీరాజం ఆ వారం ఆ పట్టీల స్వెట్టర్‌ను ఉన్నదున్నట్టే పట్టుకుని బయలుదేరాడు. ముద్దయిన నల్ల స్వెట్టర్‌ను బాపమ్మ చాలాకాలం పొయ్యి మీది గిన్నెలు దించడానికి వాడింది. దానంత గట్టి మసిగుడ్డ ఊళ్లో లేదని మెచ్చుకునేది కూడా. చిన్నమ్మ అది విన్నప్పుడల్లా లేచి వెళ్లిపోయేది.

ఎండలు ముదిరాక జలపతి క్యాసెట్టు వచ్చింది. అడిగి తెచ్చిన టేప్‌రికార్డర్ చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చున్నాం.

"అక్కా, స్వెట్టర్ అందింది. మస్తు ఎచ్చగున్నది. గని చేతులేవి? నిండు చేతులు గావాలంటి గద, మర్శిపోయినవా ఏంది?"

అందరం నవ్వాం. చిన్నాయన మరీ పగలబడి నవ్వాడు. చిన్నమ్మ నవ్వలేదు. మీట నొక్కి టేపు ఆపి, ఆయన వైపు తిరిగింది.

"నేనేం మర్వలే. వాని చేతులు తంగళ్ళపల్లిల ఉన్నయి. ముసల్ది తొడుక్కున్నది, ఇయ్యనన్నది."

ఎప్పుడూ మెల్లగా మాట్లాడే మనిషి, సాంచల చప్పుడు మీద కూడా వాడకట్టంతటికీ వినబడేలా ఆ మాట అంది.