ఒకే బండకు తొమ్మిది ఫోటోలు

మా మాస్టారు పోయారు. ఫోన్ పెట్టేసి ఆ మాట చెప్పగానే మా అమ్మ "అయ్యో పాపం" అని, "ఇకనైనా నీ సినిమా పిచ్చి వదులుతుందిలే" అంది. రెండేళ్లుగా నేను జూబ్లీహిల్స్‌లో ఒక స్విమ్మింగ్ పూల్ అడుగున కూర్చుంటున్నది సినిమా ఛాన్సు కోసమేనని మా ఇంట్లో అందరి నమ్మకం. ఫిల్మ్‌నగర్ పక్కనే ఉంటూ కెమెరా పట్టుకున్న ఆడపిల్లకు ఇంకో కోరిక ఉండొచ్చని ఎవరికీ తోచదు. నాకు సముద్రంలో చేపల్ని చూడాలని ఉంది, అంతే.

మాస్టారు నీటి అడుగున పనిచేసే కెమెరామన్. పాటల్లో హీరోయిన్ జుట్టు విరబోసుకుని నీళ్లలో తేలుతుంటే మీరు చూసే ఉంటారు. వాటిలో కొన్ని ఆయన తీసినవే. షేక్‌పేటలో పుట్టి, నలభై దాటాకే సముద్రంలో దిగిన మనిషి.

మొదటి మూడు నెలలు నాకు కెమెరా ఇవ్వలేదు. వీపున సిలిండర్, చేతిలో కెమెరా అంత చెక్కముక్క. దాన్నే గురిపెట్టాలి. పైకి తేలగానే తిట్లు.

"ఫోటో అనంగనే ఊపిరి బిగబట్టినవ్ గదా? బుడగలు ఆగినయ్, నేను చూసిన. నీళ్లల్ల ఊపిరి ఆపొద్దు బిడ్డా. ఫోటో పోతే పోనీ."

చెక్కతో ఏం తీస్తానని విసుక్కుంటే నవ్వేవారు. "నువ్వు పోయేది చేప ఇంటికి. తలుపు కొట్టకుంట లోపటికి ఉరుకుతవా? జర ఆగు. ఎవరొచ్చిండ్రని అదే వచ్చి చూస్తది."

ఒక షూటింగ్ సంగతి మాత్రం ఆయన చెప్పలేదు, ఆయన భార్య చెప్పింది. పాట అందంగా రావాలని అక్వేరియం చేపల్ని పూల్‌లో వదిలారట. పూల్‌లోవి క్లోరిన్ నీళ్లని ఎవరికీ గుర్తు రాలేదు. చేపలు పక్కకు ఒరగడం ముందుగా ఆయనకే కనిపించింది. కెమెరా గట్టున పెట్టి బకెట్ అడిగారు.

"షాట్ పోతుందయ్యా!" అని అరిచాడట డైరెక్టర్.

"ఇంకోటి తీద్దాం సార్. ఇవి తెచ్చిన తొట్టి ఏడున్నది?"

సగమే బతికాయట. ఆ తర్వాత వచ్చిన జనవరిలోనే ఆయన మొదటిసారి వైజాగ్ వెళ్లి సముద్రంలో దిగారు. అప్పట్నుంచి ఏటా అదే నెలలో, సముద్రం అడుగున ఒకే బండ దగ్గర ఒక ఫోటో. ఈసారి నన్నూ తీసుకెళ్తానని రైలు టికెట్లు కూడా తీశారు. సముద్రంలో అది నా మొదటి డైవ్ అయ్యేది. ఈలోగా ఇంట్లో టీ తాగుతుండగా ఆయన గుండె ఆగిపోయింది.

పలకరింపుకు మాస్టారి ఇంటికి నాతో అమ్మ కూడా వచ్చింది. గోడ మీద ఆ బండ వరుసగా తొమ్మిదిసార్లు. మొదటి ఫోటోలో దాన్ని చుట్టుకున్న తెగిన వల. రెండో ఏడు వల లేదు, ఆయనే కోసి తీశారు. ఆపై ఏళ్లలో రాతి మీద ఎర్రటి మొలకలు, సందులో ఆక్టోపస్ కన్ను.

"ఇందులో హీరోయిన్లెవరూ లేరేంటే?" అంది అమ్మ నా చెవిలో.

ఆయన భార్య నన్నడిగింది. "టికెట్ ఉన్నది గద బిడ్డా, పోతవా?"

నాకంటే ముందే అమ్మ అందుకుంది. "ఆయనే లేకపోయాక ఎవర్ని నమ్మి పంపనండీ?"

అమ్మ నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. అమ్మకు ఈత రాదు. ఆ భయం నాకు అర్థమైంది. తొమ్మిదో ఫోటో పక్కన ఆయన ముందే కొట్టి పెట్టుకున్న మేకు ఖాళీగా ఉంది.

ఎల్లుండి రైలుకు వైజాగ్ వెళ్తున్నాను. అక్కడ ఏటా మాస్టారితో పాటు దిగిన డైవింగ్ గురువుతో మాట్లాడాను, అమ్మతోనూ మాట్లాడించాను. ఆ బండ దగ్గర దిగుతాను.