సరే సార్, ఉంటా

నాయుడుపేటలో మా ఆఫీసులో పన్నెండు మందిమి. నేను తప్ప అందరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు. పొద్దున్నే నేను చెప్పే గుడ్ మార్నింగ్ గోడకు తగిలి నాకే తిరిగొస్తుంది. మొన్న పక్క సీటావిడ ఇంటికి ఫోన్ చేసి, చివర్లో "సరే, ఉంటా మరి" అని పెట్టేసింది. నేను పైకే నవ్వేశాను. ఎందుకు నవ్వావని ఒక్కరూ అడగలేదు. అడగలేదు గనక ఇక్కడ చెబుతున్నాను.

డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగం కోట అనే ఊరి దగ్గర, రెండు రొయ్యల చెరువుల మీద మేనేజరు. మేనేజరు అనగానే మా అమ్మ వీధంతా చెప్పుకుంది. నా కింద పనిచేసింది ఒక్క కుక్క. అదీ పక్క చెరువు వాళ్లది, నా దగ్గరికి పార్ట్ టైముగా వచ్చేది. మేత వేసేది నేనే, రొయ్యలు తిన్నాయో లేదో చూసేది నేనే, చూశానని రాసి మేనేజరుగా సంతకం పెట్టేదీ నేనే. రేకుల షెడ్డులో మేత బస్తాల వాసన ఎంతగా పట్టేసిందంటే, నేను బస్సెక్కితే పక్క సీటు దానంతటదే ఖాళీ అయ్యేది. నీళ్లను చిలికే ఏరేటర్ల చప్పుడు పొద్దస్తమానం చెవుల్లోనే ఉండేది. కరెంటు పోయి అది ఆగినప్పుడు తెలిసేది, పొద్దుట్నించీ నేను ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదని.

మా సారు బుచ్చిరెడ్డిపాలెంలో వడ్ల వ్యాపారి, రొయ్యల్లోకి కొత్తగా దిగినాయన. చెరువు దగ్గరికి రావడం తక్కువ, ఫోన్లు ఎక్కువ. ప్రతి సోమవారం ఫోన్లోనే మీటింగు. "అందరూ వచ్చినారా?" అనేవారు. "వచ్చినాను సార్" అనేవాణ్ణి. "అయితే మొదలుపెడదాం." రోజుకు ఆరుసార్లు "రొయ్య ఎట్టుండాది?" అని నన్నడిగేవారు. నేను ఎట్టుండానో రొయ్యనడిగి తెలుసుకునేవారేమో.

అలా ఉండగా ఈ నాయుడుపేట ఉద్యోగం వచ్చింది. స్టాఫ్ పన్నెండు మంది అన్నారు. ఆ సంతోషంలో జీతమెంతో అడగడం మర్చిపోయాను. సోమవారం చేరాలి. రాజీనామా మాటలు కుక్క ముందు రిహార్సల్ చేస్తే, అది సగంలో లేచిపోయింది. సిగ్నల్ దొరికే ఒకే ఒక చోటు నీళ్ల ట్యాంకు మెట్లు. వాటి మీద నిలబడి సారుకు ఫోన్ చేశాను.

"సార్, ఒక మాట."

"రొయ్యకేమన్నా అయిందా?"

"రొయ్య బాగుండాది సార్. నాకే నాయుడుపేటలో ఉద్యోగం వచ్చినాది."

సిగ్నల్ పోయిందనుకుని ఇంకో మెట్టెక్కాను.

"నీ ముందు మేనేజరు చెప్పకుండానే పోయినాడబ్బయా. నువ్వన్నా చెప్పినావు. మా కొడుకు గూడా ఆడ ఒక్క పూట ఉండలేకపోయినాడు. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడికి రెండు నెల్లే గదా. అందాకా ఉంటావా, పోతావా? నీ ఇష్టం."

పోతానని అనడానికి మనసొప్పలేదు. తర్వాత చెబుదాంలే అని, ముందు ఫోన్ పెట్టేయడానికి అలవాటుగా అన్నాను: "సరే సార్, ఉంటా."

"అదీ మాట!" అన్నారు. ఫోన్ కట్టయింది.

సరిచేద్దామని వెంటనే చేస్తే బిజీ. మర్నాడు పొద్దున్నే సారు స్వయంగా క్యారియర్ పట్టుకుని దిగారు. "పిల్లోడు ఉంటానన్నాడని మీ మేడం పొద్దున్నే లేచి వండినాది" అన్నారు. గుత్తి వంకాయ ముందు పెట్టుకుని వ్యాకరణం ఎలా వివరిస్తాం? ఇద్దరం చెరువు గట్టున కూర్చుని తిన్నాం. ఎదురుగా ఒక మనిషి ఉంటే అన్నం ఎంతసేపు తినొచ్చో ఆ రోజే తెలిసింది.

నాయుడుపేట వాళ్లు వేరే అతన్ని తీసుకున్నారు. అతను మానేయడంతో, మా పట్టుబడి అయ్యాక మళ్లీ నన్నే పిలిచారు. చివరి రోజు సారు నా సంచి స్కూటర్ మీద పెడుతూ అన్నారు: "ఆ పొద్దు నువ్వు ఉంటా అన్నది ఫోన్ పెట్టేసేదానికేనని నాకు తెలుసులే."

మొన్న నవ్విన రోజు సాయంత్రం, ఆఫీసు మెట్ల మీద నిలబడి ఆయనకు ఫోన్ చేశాను. ఇక్కడ సిగ్నల్ అంతటా ఉంది, మెట్లు అలవాటు.

"రొయ్య ఎట్టుండాది సార్?"

"ఇంకేడ రొయ్యలబ్బయా, ఎప్పుడో ఇడిసిపెట్టినా. నువ్వెట్టుండావు?"

"బాగుండా సార్. పన్నెండు మందిమి" అన్నాను. ఉంటా అని ఆయనా అనలేదు, నేనూ అనలేదు, ఫోన్ మాత్రం కాసేపు అలాగే ఉంది. ఆ చెరువు దగ్గరి రోజులు ఎప్పుడు అయిపోతాయా అని లెక్కపెట్టుకున్నవాణ్ణి నేనే. కాలం కూడా నా ముందు మేనేజరు లాంటిదే, చెప్పకుండా పోతుంది.