ప్రపంచ సభలో నాకు దక్కని కుర్చీ

పోయిన నెలలో మా మనవరాలు బడి నుంచి వస్తూనే సంచి సోఫా మీద పడేసి, మొహం ముడుచుకుని కూర్చుంది. వాళ్ళ తరగతిలో పిల్లలంతా తలా ఒక దేశం తరఫున నిలబడి ప్రపంచ శాంతి గురించి మాట్లాడాలట, చీట్లు తీస్తే దాని స్నేహితురాలికి ఫ్రాన్సు వచ్చిందట, దీనికి మాత్రం పసిఫిక్ సముద్రంలో ఎక్కడో ఉన్న చిన్న దీవి వచ్చిందట. "నానమ్మా, ఇట్స్ నాట్ ఫెయిర్, ఆ కంట్రీ ఎవరికీ తెలీదు" అని దాని గోడు. నేను ఓదార్చేలోపే, పక్కన టీ తాగుతున్న మా తోడికోడలు కప్పు కింద పెట్టి, చిన్న దేశమని ఏడుస్తావా, అలాంటి దేశం తరఫున పెద్ద సభలో కూర్చుని వచ్చినదాన్ని నేను, ఆ కథ చెబుతాను విను అని మొదలుపెట్టింది. నలభై ఏళ్ళుగా నేను వింటున్న కథే. ఈసారి అందులో ఎవరో రాజుగారు కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఎనభై దగ్గర పడుతున్నా ఆ కడుపుమంట చల్లారలేదు, ఏం చేయమంటారు.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, డెబ్బైల చివర్లో జెర్సీ సిటీ ఇప్పటిలా అద్దాల మేడల ఊరు కాదు. పాత ఇటుక ఇళ్ళు, నది ఒడ్డున తుప్పు పట్టిన రైలు పట్టాలు, చలికాలంలో ఉన్నట్టుండి చల్లబడిపోయే హీటర్లు. తెలుగు మాట వినాలంటే ఆదివారం మధ్యాహ్నం దాకా ఆగాల్సిందే. ఒక అమెరికన్ చర్చివాళ్ళు దయతలచి ఇచ్చిన నేలమాళిగలో మేము నాలుగు కుటుంబాలవాళ్ళం కూడి, మన కీర్తనలు పాడుకుని, పులిహోర తిని ఇళ్ళకు చేరేవాళ్ళం. ఇక వారం మధ్యలో ఇళ్ళలో పెట్టుకునే ప్రార్థన కూటాలు మామూలే. వాటికి ఒక అలిఖిత నియమం ఉండేది. మా ఇంటి కూటానికి మీరు వస్తేనే మీ ఇంటి కూటానికి మేము వస్తాం. ఈ నియమం ప్రపంచ రాజకీయాల్లో కూడా ఉందని నాకు తెలిసింది ఉద్యోగంలో చేరాకే.

బాపట్లలో నేర్చుకున్న షార్ట్‌హ్యాండ్ పుణ్యమా అని నాకు మన్‌హట్టన్‌లో, ప్రపంచ దేశాల సభకు వచ్చిన ఒక చిన్న దేశపు రాయబారి దగ్గర సెక్రటరీ ఉద్యోగం దొరికింది. ఆ దేశం పేరు చెప్పను. చెప్పినా మీలో చాలామంది పటం తెరవాల్సి వస్తుంది. నాలుగు దీవులు, బోలెడు కొబ్బరి చెట్లు, సొంత జెండా ఎగరేసుకుని ఎంతోకాలం కాలేదు. కార్యాలయమంటే మరేమో అనుకునేరు, ఒక పాత భవనంలో పళ్ళ డాక్టరు గదుల పక్కన రెండు గదులు. గోడ మీద దేశపు పటం వేలాడుతుంటే, దాని వెనక నుంచి పక్క గదిలో పళ్ళు తొలిచే యంత్రం రొద వినిపించేది. రాయబారిగారు బస్సులో వచ్చేవారు. మధ్యాహ్నం భోజనం ఇంటి నుంచి డబ్బాలో తెచ్చుకునేవారు. పెద్ద దేశాల రాయబారులు నల్లటి పొడుగాటి కార్లలో దిగుతుంటే, కిటికీ దగ్గర నిలబడి కాసేపు చూసి, వచ్చి కుర్చీలో కూర్చునేవారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. మా పై అంతస్తులో కాపురమున్న మరిదిగారింటికి కొత్త కలర్ టీవీ వచ్చినప్పుడు నేను మెట్ల మీద నుంచి చూసిన చూపు అదే.

ఆయన కడుపుమంట నా దానికంటే పెద్దదే లెండి. వాళ్ళ పక్క దీవుల దేశం ఒక పెద్ద దేశంతో స్నేహం చేసి ఆసుపత్రి కట్టించుకుంది, ఆ తరువాత రెండో పెద్ద దేశం వైపు ఓరగా ఒక చూపు చూసి రేవు కూడా కట్టించుకుంది. ఎవరి పక్షమూ చేరని ఈయన దేశానికి మాత్రం ఇద్దరి దగ్గర నుంచీ కొత్త సంవత్సరం శుభాకాంక్షలు వచ్చేవి. పైగా సభలో మాట్లాడే వరస మన పెళ్ళిళ్ళలో బంతి భోజనాల్లాంటిది. మొదటి బంతిలో పెద్దలంతా కూర్చుని లేచిపోయాక, కడబంతికి ఈ చిన్నవాళ్ళను పిలుస్తారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతి అయినా ఫరవాలేదంటారు గాని, వీళ్ళకు వడ్డించేవాడూ పరాయివాడే. అప్పటికి సభ సగం ఖాళీ. అందుకని చిన్న దేశాలవాళ్ళంతా ఒక ఒప్పందానికి వచ్చారు, నీ ప్రసంగానికి నేను కూర్చుంటాను, నా ప్రసంగానికి నువ్వు కూర్చో అని. అచ్చం మా కూటాల పద్ధతే.

ఎనభైల మొదట్లో ఒక ఏడాది, ఆయన శాంతి మీద పెద్ద ప్రసంగం రాయడం మొదలుపెట్టారు. అప్పట్లో రెండు పెద్ద దేశాలూ బాంబులు ఎవరివి ఎక్కువ, ఎవరు ముందు తగ్గించాలి అని ఏళ్ళ తరబడి బేరాలాడుకుంటున్న రోజులు. ఆయన చెబుతుంటే నేను రాసుకునేదాన్ని. మా దగ్గర ఆయుధాలు లేవు, అందుకని ఆయుధాలు తగ్గించుకున్నారన్న మెప్పు కూడా మాకు దక్కదు అన్నారు ఒక రోజు. శాంతి అంటే మీకు బాంబుల లెక్క, మాకు కిరోసిన్ ఓడ వేళకు రావడం అన్నారు ఇంకో రోజు. సహకారమంటే మిగిలిన అన్నం పెట్టడం కాదు, వంట ఏం చేద్దామని ముందే అడగడం అన్నది కూడా ఆయన మాటే. ఇన్ని మంచి మాటలు దొర్లాయి గాని ముగింపు కుదరలేదు. రాస్తారు, కొట్టేస్తారు, కిటికీ దగ్గరకు వెళ్తారు. చూసి చూసి, ఉండబట్టలేక, మా నాయనమ్మ ఒక మాట అనేదండీ అన్నాను. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరుగుతాయి. ఇంగ్లీషులో నాకు చేతనైనట్టు చెప్పాను. ఆయన ఆ మాటను కాగితం మీద తానే రాసుకున్నారు. తరువాత, మా దీవిలో ఎద్దులు లేవు, మేకలే, అయినా సరే ఎద్దుల్నే ఉంచుదాం అని, ప్రసంగం చివర ఆ మాట పెట్టారు.

నా ఆనందం చూడాలి. పొలం గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ మా నాయనమ్మ అన్న మాట, దేశదేశాలవాళ్ళు అనువాదం వినిపించే యంత్రాలు చెవులకు తగిలించుకుని వినబోతున్నారు. ఆ క్షణంలో ఆ హాల్లో ఉండి, ఆ మాట నా చెవులతో వినాలి. ఇంతకంటే ఆ రోజుల్లో నేను కోరుకున్నది ఏదీ లేదు. కుర్చీలకు కొదవ కూడా లేదు. ప్రతి దేశానికీ ముందు వరసలో కొన్ని, వెనక వరసలో కొన్ని కుర్చీలు ఇస్తారు, ఈయనకు వాటిని నింపడానికి మనుషులే లేరు. టీవీ కెమెరా తిరిగినప్పుడు మా వరస బోడిగా కనిపించకూడదు, ఈసారి అందరమూ వెళ్దాం అని ఆయనే అన్నారు.

ఇక్కడ మా తోడికోడలి సంగతి చెప్పాలి. మా మరిది భార్య, నాకంటే చిన్నది, అందగత్తె. మన దేశం నుంచి కొత్తగా వచ్చి ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఏడుస్తుంటే, జాలిపడి రాయబారిగారితో చెప్పి కాగితాలు సర్దే పని ఇప్పించింది నేనే. నేను చలికి ప్యాంటూ కోటూ వేసుకుని బిరబిరా నడిచిపోయేదాన్ని. తను మంచులో కూడా సిల్కు చీర కట్టుకుని వచ్చేది, మెట్ల దగ్గర పళ్ళ డాక్టరు సైతం తలుపు తెరిచి పట్టుకునేవాడు. ప్రసంగం రోజు ఉదయం నేనూ చీర కట్టుకునే వచ్చాను. అందరం బయలుదేరుతుండగా రాయబారిగారు గుమ్మంలో ఆగి, రాజధాని నుంచి ఫోను రావచ్చు అన్నారు. వాళ్ళ మంత్రిగారికి చివరి నిమిషంలో మాట మార్చే అలవాటు. ఫోను గరగరల మధ్య వాళ్ళ యాస అర్థమయ్యేది నాకొక్కదానికే, కబురు రాసుకుని సభకు పరుగెత్తుకు రాగలిగేదీ నేనే. నీ మీద నాకంత నమ్మకం అన్నారు. నమ్మకస్తురాలికి దక్కేది కాపలా. మా తోడికోడలు మాత్రం జాలిగా నా చెయ్యి పట్టుకుని, "నేనంతా చూసొచ్చి చెప్తాగా అక్కా, నువ్వు వర్రీ అవకు" అని, పమిట సర్దుకుని ఆయన వెంట వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ తరువాత సభలో జరిగిందంతా నేను విన్నదే. భోజనాల వేళ, హాలు సగం ఖాళీ, ఉన్నవాళ్ళు ఆవులిస్తున్నారు. రాయబారిగారు చివరికి వచ్చి ఆంబోతుల మాట అన్నారు. మా కూటాల్లో బోధకుడు ఒక గట్టి మాట అంటే, కళ్ళు మూసుకుని ఆమెన్ అనడం మాకు ఊపిరి తీసినంత అలవాటు. మా తోడికోడలు వెనక కుర్చీలో కూర్చుని, ఎక్కడున్నదీ మరిచిపోయి, అందరికీ వినబడేలా "ఆమెన్" అంది. ముందు నవ్వులు, ఆ వెంటనే చప్పట్లు. బయటికి పోతున్నవాళ్ళు కొందరు ఏం జరిగిందోనని వెనక్కి వచ్చారట. అయ్యాక చిన్న దేశాలవాళ్ళంతా చుట్టూ చేరి, ఆ సామెత ఎక్కడిదని అడిగితే, ఈ మహాతల్లి తడుముకోకుండా, మా అత్తగారు అంటుంటారు అని చెప్పింది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. మా నాయనమ్మ మాట మా అత్తగారి ఖాతాలో పడింది. అంతటితో ఆగిందా, ఆ వారమే బాపట్లకు ఉత్తరం రాసింది. మా అత్తగారు అది చదివించుకుని, తానెప్పుడో అనే ఉంటానని గట్టిగా నమ్మి, ఆదివారం చర్చిలో అందరి ముందూ లేచి, ఇది దేవుడు చేసిన మేలని సాక్ష్యం చెప్పిందట. ఆవిడ మాట విని అమెరికా, రష్యా సిగ్గుపడ్డాయని మా ఊళ్ళో చాలాకాలం చెప్పుకున్నారు.

ఇక నా సంగతి. వాళ్ళు వెళ్ళాక రెండు గదుల్లో నేనూ ఫోనూ మిగిలాం. పక్కన ఎవరి పన్నో తొలుస్తున్నారు. రాయబారిగారి వంతు వచ్చే వేళకు నిజంగానే ఫోను మోగింది. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. ఆ దేశంలో పైదేశాలకు ఫోను కలిసేది పోస్టాఫీసులోనే కాబట్టి, మంత్రిగారు అక్కడికే వచ్చారు. మార్చాల్సిన మాట ఏమిటోనని కలం తీసుకున్నాను. మార్చడానికి కాదట. మనవాడు మాట్లాడాడా అని అడిగారు. ఈపాటికి లేచి ఉంటారండీ అన్నాను. వాళ్ళ రేడియోకు న్యూయార్కు అందదు. ఊళ్ళోవాళ్ళు కొందరు తన వెంట వచ్చి నిలబడ్డారు, వాళ్ళకు వినాలని ఉంది, నీ దగ్గర నకలు ఉంటే చదువుతావా అని అడిగారు.

చదివాను. ఆయన అక్కడ చదువుతున్నారు, నేను ఇక్కడ చదువుతున్నాను. నేను ఒక వాక్యం చదివి ఆగితే, మంత్రిగారు దాన్ని వాళ్ళ భాషలో గట్టిగా చెప్పేవారు, ఆ వెనక మనుషుల సవ్వడి వినిపించేది. కిరోసిన్ ఓడ మాట దగ్గర ఎవరో ఆడమనిషి అవునన్నట్టు ఏదో అంది. ఆంబోతుల మాట దగ్గరకు వచ్చేసరికి, ఎద్దులను ఎన్నడూ చూడని ఆ జనానికి మంత్రిగారు చాలాసేపు ఏదో వివరించారు. తరువాత అటువైపు జనం తమలో తాము ఏదో మాట్లాడుకున్నారు. అప్పుడు మంత్రిగారు, ఆ ఎద్దుల మాట ఇంకొకసారి చదవమంటున్నారమ్మా అన్నారు. ఇంకొకసారి చదివాను.

సాయంత్రం అందరూ నవ్వుకుంటూ తిరిగి వచ్చారు. మా తోడికోడలి ఆమెన్ కథ అప్పటికే మూడు రకాలుగా మారింది. తను పళ్ళ డాక్టరుకు చెప్పడానికి వెళ్ళినప్పుడు, రాయబారిగారితో ఫోను సంగతి చెప్పాను. ఆయన కోటు విప్పబోతున్నవారు ఆగిపోయారు. ఎవరెవరు వచ్చారట, ఏ మాట దగ్గర ఏమన్నారట అని ఒకటికి రెండుసార్లు అడిగారు. చివరికి కిటికీ దగ్గరకు వెళ్ళి, నేను ఖాళీ కుర్చీలకు చదివాను, నువ్వు మా వాళ్ళకు చదివావు అన్నారు. నల్ల కార్లను చూసే చూపుతోనే ఆ పూట ఆయన నన్ను చూశారు. అయినా నా మనసు నిండలేదు, అబద్ధం ఎందుకు. నాకు హాలు కావాలి, చెవి యంత్రాలు కావాలి, ఆ వెనక కుర్చీ కావాలి. ఇంటికి వచ్చి మా ఆయనకు చెబితే, పేపరు చాటు నుంచి, మంచిదే కదా అన్నారు. మా తోడికోడలికి మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. చెబితే అదీ తన కథలో కలిపేసుకుంటుంది.

ఆ రాయబారిగారు పదవి అయ్యాక దీవికి వెళ్ళిపోయారు, ఆ పాత భవనం ఇప్పుడు లేదు. ఆ సభను ఈనాడు ఎవరైనా అరచేతిలోని ఫోనులో చూడవచ్చు, చిన్న దేశాలవాళ్ళ వరసలు కూడా కోట్లు తొడుక్కున్న కుర్రవాళ్ళతో నిండి ఉంటున్నాయి. ఆంబోతుల పేర్లు మారాయి గాని పోట్లాట ఆగలేదు. లేగలు ఇప్పటికీ కడబంతిలోనే మాట్లాడుతున్నాయి, మనం వేలితో తోసేసి తరువాతి బొమ్మకు పోతున్నాం. తమ మాట ప్రపంచానికి ఎలా చెప్పారో విందామని తెల్లవారకముందే పోస్టాఫీసుకు నడిచివచ్చే జనం ఇంకా ఎక్కడైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. కుర్చీ కోసం ఇన్నేళ్ళు మా తోడికోడలిని చూసి కుళ్ళుకున్నాను. ఈ మధ్య నా కుళ్ళంతా, చీర కట్టుకుని ఒంటరిగా ఫోను పట్టుకుని నిలబడిన ఆ ముప్పై దాటిన మనిషి మీదికి మళ్ళింది. ఆ మాట రెండోసారి చదువుతున్నప్పుడు, ఇది విన్నాక ఇక పెద్దవాళ్ళు పోట్లాట మానేస్తారని ఆవిడ నిజంగా నమ్మింది.